బీరు ఉత్సవం మన ఊరిది అనిపించుకోవాలంటే జొన్న బీరు, కల్లు తప్పనిసరి చేయాలా?

జొన్నచేను:
బీరంటే ఇష్టమున్న మిత్రులం కొందరం, పబ్బులోనే బీరు కాచి పోసే మైక్రోబ్రూవరీల వాళ్లతో కలిసి హైదరాబాద్‌లో చిన్న క్రాఫ్ట్ బీరు ఉత్సవం పెట్టాలని మాట్లాడుకుంటున్నాం. స్థలం, లైసెన్సు సంగతి వేరేవాళ్లు చూస్తున్నారు. తెగనిది ఒక్కటే. నేను మూడు షరతులు పెట్టమంటున్నాను, సగం మంది వద్దంటున్నారు. మీరూ చెప్పండి.

మొదటిది, స్టాల్ పెట్టే ప్రతి బ్రూవరీ కనీసం ఒక బీరైనా మన దగ్గర పండే ధాన్యంతో కాచి తేవాలి. జొన్న, సజ్జ, బియ్యం, ఏదైనా సరే. రెండోది, గీత కార్మికులను పిలిచి కల్లుకు చోటివ్వాలి, అదీ బీర్ల సరసనే. మూడోది, అక్టోబరులో పెట్టకూడదు.

ఈ మూడోది ఎందుకో చెప్తాను. జర్మనీలోని మ్యూనిక్‌లో జరిగే బీరు పండుగ అక్టోబర్‌ఫెస్ట్ 1810లో యువరాజు లుడ్విగ్ పెళ్లి సంబరంగా మొదలైంది, నిజమే. కానీ ఆ రోజుల్లో అక్కడ బీరు కాచడానికీ ఒక కాలం ఉండేది. ఎండల్లో కాచిన బీరు చెడిపోతోందని 1553లో, మ్యూనిక్ ఉన్న బవేరియాలో ఒక ఆజ్ఞ వచ్చింది. ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా ఎవరూ కాచకూడదు. అందుకని మార్చిలో కాస్త గట్టి బీరు కాచి, నేలమాళిగల్లో చల్లగా దాచి, వేసవంతా తాగుతూ శరత్తుకల్లా పీపాలు ఖాళీ చేసేవాళ్లు, కొత్త బీరుకు పీపాలు కావాలి కాబట్టి. వాళ్ల శరత్కాలపు సంబరాలకు అలా ఒక ఆధారం ఉంది. మనకు అక్టోబరులో ఏముంది? యాసంగి జొన్న అప్పుడప్పుడే విత్తుతారు. కోత వచ్చేది ఫిబ్రవరి, మార్చిలో. తాటికల్లు పారేదీ అప్పుడే. పండుగ పెడితే ఆ నెలల్లో పెట్టాలి. పరాయి దేశపు క్యాలెండర్ చూసి బ్యానర్లు కట్టడం నాకు నచ్చదు.

మాల్ట్‌మామ:
బీరు కాచడమే నా ఉద్యోగం కాబట్టి మొదటి షరతు గురించి మాట్లాడతాను. తప్పనిసరి అనగానే ఏం జరుగుతుందో నాకు తెలుసు. మామూలు బీరులో ఐదు శాతం జొన్న రవ్వ పోసి, బోర్డు మీద జొన్న బొమ్మ వేసి తెస్తారు. తాగినవాడికి తేడా తెలియదు. మీ షరతు నెరవేరుతుంది, జొన్నకు మాత్రం ఒరిగేదేం ఉండదు.

నిజంగా చేయాలంటే అది వేరే పని. బార్లీ మాల్ట్‌ను, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, 65 డిగ్రీల దగ్గర నీళ్లలో నానబెడితే చాలు, దానిలోని ఎంజైములే పిండిని చక్కెరగా మారుస్తాయి. జొన్న పిండి ఆ వేడికి లొంగదు, అంతకంటే బాగా ఎక్కువ వేడి కావాలి. కాబట్టి ముందు దాన్ని వేరే పాత్రలో గటకలా ఉడికించి, చల్లార్చి, అప్పుడు బార్లీతో కలపాలి. చాలా పబ్బుల్లో ఆ రెండో పాత్రే ఉండదు. ఇక వడకట్టడం. బార్లీకి పొట్టు ఉంటుంది, ఆ పొట్టే జల్లెడ పనిచేస్తుంది. జొన్నకు అది లేదు. కింద జిగురుగా అడ్డుపడి చుక్క దిగదు. మేం వరి ఊక కడిగి కలిపి ఆ గండం గట్టెక్కిస్తాం. అయినా అరపూట పని పూటంతా పడుతుంది. పాడైతే ఆ ట్యాంకు రెండు మూడు వారాలు వృథా.

ఇంకో మాట. ముడిసరుకో, కాచేవాడో బయటి నుంచి వచ్చినంత మాత్రాన బీరు మనది కాకుండా పోదు. 1842లో చెక్ ఊరు ప్ల్జెన్‌లో మొదటి పిల్స్‌నర్ బీరు కాచిన యోసెఫ్ గ్రోల్ బవేరియా నుంచి వచ్చినవాడు. ఇక్కడి పబ్బుల్లో అందరూ అడిగే గోధుమ బీరు, బెల్జియన్ విట్ చూడండి. అందులో వేసే ధనియాలు, క్యురసావ్ నారింజ తొక్క బెల్జియంలో పుట్టినవా? మా బీరు ట్యాంకు నుంచి గ్లాసులోకి పది అడుగులు నడుస్తుంది. కాచినవాడు పక్కనే ఉంటాడు, బాగోలేదంటే వచ్చి మాట్లాడతాడు. నా దృష్టిలో స్థానికం అంటే అది. బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలు మన దేశంలో పండేవే హిమాచల్‌లోని లాహౌల్ లాంటి చలి ప్రాంతాల్లో, అవీ కొద్దిగా. తెలంగాణలో పండవు. పండని దాని కోసం సిగ్గుపడాల్సిన పనిలేదు.

ఫ్రాంకోనియా తెలుగు:
నేను జర్మనీలో, బవేరియాలోని ఎర్లాంగెన్‌లో ఉంటాను. ఇక్కడి బీరు ఉత్సవం బెర్గ్‌కిర్ష్‌వై 1755 నుంచి జరుగుతోంది, అంటే అక్టోబర్‌ఫెస్ట్ కంటే పెద్దది వయసులో. ఊరి పక్క కొండలో బీరు దాచడానికి తొలిచిన నేలమాళిగలు ఉన్నాయి. ఉత్సవం ఆ మాళిగల తలుపుల ముందే, చెట్ల కింద బల్లలేసి జరుగుతుంది. బీరు ఉన్నచోటికే జనం వెళ్లారు, అది పండుగైంది. జొన్నచేను గారు చెప్పిన కారణం సంగతి ఇక్కడ కళ్లారా కనిపిస్తుంది.

తప్పనిసరి నియమం అంటే భయపడనక్కర్లేదు అనడానికి మ్యూనిక్‌నే చూపించవచ్చు. అక్టోబర్‌ఫెస్ట్‌లో పోసేది మ్యూనిక్ నగరం హద్దుల్లో కాచిన బీరే. కానీ అదే నియమం ఇప్పుడు ఎవరికి కాపలా కాస్తోందో కూడా చూడాలి. ఆరు బ్రూవరీలకే ప్రవేశం. వాటిలో ష్పాటెన్, లోవెన్‌బ్రాయ్ ఎబీ ఇన్‌బెవ్ చేతిలో ఉన్నాయి. ఊరిపేరుతో పెట్టిన గోడ లోపల ప్రపంచంలోనే అతిపెద్ద బీరు కంపెనీ కూర్చుంది, బయట చిన్నవాళ్లు నిలబడ్డారు. నియమం రాసేటప్పుడు సరుకు గురించి ఒక్కటే రాస్తే చాలదు, కాచేవాడి గురించి కూడా రాయాలి.

ఇక్కడికి తూర్పున ఒబర్‌ఫాల్స్ అనే ప్రాంతంలో త్సోయిగల్ అని ఒక పద్ధతి ఉంది. మన చర్చకు అదే ఎక్కువ పనికొస్తుందనిపిస్తుంది. విండిషెషెన్‌బాఖ్, నోయ్‌హౌస్, ఎస్లార్న్ లాంటి చిన్న ఊళ్లలో బీరు కాచే ఇల్లు ఊరందరిది. హక్కున్న కుటుంబం వెళ్లి కట్టెల మంట మీద కాచుకుంటుంది, ఆ తీపి ద్రవాన్ని తన ఇంటి మాళిగకు తెచ్చుకుని పులియబెడుతుంది. సిద్ధమయ్యాక ఇంటి ముందు ఆరు కొనల నక్షత్రం వేలాడదీస్తారు. అది కనబడితే ఎవరైనా లోపలికి వెళ్లి కూర్చోవచ్చు. ఈ వారం ఒకరింట్లో, వచ్చే వారం ఇంకొకరింట్లో. ఒకింటి బీరుకూ పక్కింటి బీరుకూ రుచిలో తేడా ఉంటుంది, జనం ఆ తేడా కోసమే తిరుగుతారు. స్టాళ్లు, వేదిక, స్పాన్సర్లు ఏవీ ఉండవు.

కలిగిరి:
మాది నెల్లూరు జిల్లా. దూబగుంట మా ఊరికి దగ్గరే. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లినప్పుడు నేను చిన్నపిల్లని, మా అమ్మ అందులో ఉంది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో మొత్తం మద్య నిషేధం. రెండేళ్లు తిరిగేసరికి, 1997లో దాన్ని సడలించారు. చదువురాని కూలి ఆడవాళ్లు సాధించుకున్నది ఆదాయం లెక్కల్లో కొట్టుకుపోయింది. ఇదంతా తెలిసి కూడా మద్యానికి సంస్కృతి, వారసత్వం, రైతు మేలు అని పేర్లు పెడుతుంటే బాధగా ఉంటుంది.

మీరు తాగండి, అది మీ ఇష్టం, 21 నిండినవాళ్లు. నేను అడిగేది ఒకటే. జొన్న రైతుకు మేలు చేస్తున్నాం అని పోస్టర్ మీద రాస్తారా? రాస్తే లెక్క చెప్పండి. ఒక ట్యాంకు బీరుకు ఎన్ని జొన్నలు పడతాయి? 2025-26కి హైబ్రిడ్ జొన్నకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 3,699 రూపాయలు. దాని మీద మీరు ఎంత ఎక్కువిస్తారు?

మాల్ట్‌మామ:
అక్క అడిగింది న్యాయమైన ప్రశ్న. 500 లీటర్ల బ్యాచ్‌కు మామూలు బలం బీరైతే మొత్తం ధాన్యం నూరు కేజీల చుట్టుపక్కల పడుతుంది. అందులో 40 శాతం జొన్న వేశామనుకోండి, అదే చాలా ఎక్కువ, అప్పుడు 40 కేజీలు. ఇరవై బ్రూవరీలు తలా ఒక బ్యాచ్ కాచినా ఎనిమిది క్వింటాళ్లు. ఒక రైతు చేలో పండే పంట. కాబట్టి రైతు మేలు అని రాయకూడదు. అలా రాసిన పోస్టర్ కింద నా బీరు పోయను.

జొన్న బీరుకు నిలబడే కారణం ఒక్కటే, రుచి. తెల్లజొన్నతో చేస్తే బీరు పలుచగా, పొడిగా, చివర్లో కొంచెం గడ్డి వాసనతో వస్తుంది. ఎండలో తాగడానికి బాగుంటుంది. పచ్చజొన్న ఇంకా బాగుంటుందని నా అనుభవం, దానిలో వేయించిన రొట్టె వాసన వస్తుంది. ఆ రుచి ఇంకెక్కడా దొరకదు. అది చాలదా?

జొన్నచేను:
చాలు. అదే నేను అడుగుతున్నది. ఆ రుచి ఒకటి ఉందని తెలిసిన మనిషి మన ఊళ్లో ఉండి, మెనూలో మాత్రం ఏడాది పొడుగునా హెఫెవైట్‌సెన్, విట్, స్టౌట్ లాంటి విదేశీ రకాలే ఎందుకుంటాయి మామా? అడిగేవాడు లేక. ఉత్సవం అడగాలి. ఐదు శాతం జొన్న వేసి మోసం చేస్తారన్నారు. అయితే ధాన్యంలో కనీసం 30 శాతం అని రాద్దాం, ఏ ఊరి జొన్నో కూడా గ్లాసు పక్కన రాయాలి. రెండో పాత్ర లేనివాళ్లు ఉన్నవాళ్ల దగ్గర కాచుకోవచ్చు. త్సోయిగల్ ఊళ్లలో కుటుంబాలు చేస్తున్నది అదే కదా.

కలిగిరి గారూ, రైతు మేలు మాట ఎక్కడా రాయం. మీ అమ్మగారి తరం చేసిన పోరాటం మీద గౌరవంతోనే ఒకటి చెప్తాను. వాళ్లు కొట్లాడింది వేలంపాట పాడి ఊరి మీద రుద్దిన సారా మీద. ఎవరు కాచారో తెలియదు, ఏం కలిపారో తెలియదు, ఎంత తాగితే అంత లాభం. కాచినవాడి ముఖం కనబడే చోట, తక్కువ బలంతో, తిండితో పాటు ఒక గ్లాసు పోయడం దానికి పూర్తిగా ఎదురు దిక్కు అని నేను నమ్ముతున్నాను.

రుచి చాలు:
నేను వారాంతంలో పబ్బుకు వెళ్లే మామూలు మనిషిని. జొన్నా బార్లీనా అని ఎప్పుడూ చూడలేదు, బాగుంటే ఇంకో గ్లాసు. షరతులు ఎక్కువై మంచి బ్రూవరీలు రాకపోతే టికెట్ కొన్నవాళ్లకు నష్టం. ఉత్సవంలో నాకు కావాల్సింది చిన్న గ్లాసులు, ఎక్కువ రకాలు, దగ్గర్లో మెట్రో స్టేషను. బ్రెత్ అనలైజర్‌లో 30 దాటితే కేసు, ఆ టెన్షన్ పెట్టుకుని ఎవరూ ఆనందించలేరు.

తాటివనం:
అందరూ జొన్న గురించే కొట్లాడుతున్నారు, కల్లు షరతును ఎవరూ పట్టించుకోలేదు. మా నాయిన గీత కార్మికుడు. భువనగిరి వైపు మాది. నేను ఉద్యోగంలో పడ్డాను గానీ ఇప్పటికీ సెలవుల్లో వనానికి పోతాను. రెండో షరతును నేను వ్యతిరేకిస్తున్నాను. కల్లును మీ ఉత్సవానికి పిలవకండి.

కల్లు ఎట్లా వస్తదో ముందు తెలుసుకోండి. నడుముకు ముస్తాదు, చెట్టుకు మోకు, కాళ్లకు గుజి. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి చెట్టెక్కి గెల కొసను కత్తితో పలుచగా చెక్కాలి. లోతుగా తెగితే గెల ఎండిపోతుంది, చెక్కకపోతే ధార ఆగిపోతుంది. పండుగ ఉన్నా జ్వరం ఉన్నా ఎక్కాల్సిందే. కల్లు పట్టే కుండ, లొట్టిలో సున్నం పూస్తే అది నీరా, పులవదు. పూయకపోతే లొట్టికి అంటుకున్న నిన్నటి కల్లు, గాలిలోని ఈస్టు కలిసి చెట్టు మీదే పులవడం మొదలవుతుంది. పొద్దున దించింది తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, సాయంత్రానికి పులుపు, తెల్లారితే సిర్కా. దాన్ని ఆపే మార్గం లేదు. మీ స్టాల్ సాయంత్రం ఐదింటికి తెరుస్తారు. అప్పటికి ఆటోలో ఊగి వచ్చిన కల్లు ఎట్లా ఉంటదో మీరే ఆలోచించండి. అది తాగి, మా కల్లు ఇంతేనా అని మూతి ముడుచుకుంటారు.

ఇంకా పెద్ద సంగతి కల్తీ. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కేసులు ఏళ్లుగా చూస్తున్నాం. ఆ వార్త వచ్చిన ప్రతిసారీ చెట్టెక్కే మనిషి తలదించుకోవాల్సి వస్తుంది, ఆయన ఏ మందూ కలపకపోయినా. కల్తీ ఎక్కడ పుడుతుందంటే, చెట్లు లేని చోట, చెట్టు ఇవ్వని కాలంలో, చెట్టు ఇచ్చేదానికంటే ఎక్కువ అమ్మాలనుకున్నప్పుడు. తాటి ఎండాకాలంలో, ఈత చలికాలంలో ఎక్కువ ఇస్తాయి. నగరానికి రోజూ ఒకే కొలతలో కావాలి. ఆ తేడాను నీళ్లూ పొడీ పూడుస్తున్నాయి. నగరం నడిబొడ్డున వేలమందికి కల్లు పోస్తామంటే మీకు తెలియకుండానే ఆ దారినే తెరుస్తున్నారు.

నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచినప్పుడు మా వాళ్లు చాలా సంతోషించారు, నేను కూడా. కానీ నీరాకు చల్లదనం పట్టి ఉంచగలిగితే ప్రయాణం చేస్తుంది. కల్లు చేయదు. బోనాల్లో అమ్మవారికి సాక పోసే కల్లు ఇది. దీనికి గౌరవం ఇవ్వాలంటే దాని దగ్గరికి మీరే రావాలి.

మాల్ట్‌మామ:
ఈ మాటకు నేను పూర్తిగా ఒప్పుకుంటాను. బీరు కాచేవాడిగా కల్లును చూస్తే నాకు బెల్జియంలో బ్రస్సెల్స్ దగ్గర కాచే లాంబిక్ బీరు గుర్తొస్తుంది. కాచిన ద్రవాన్ని పైకప్పు కింద పెద్ద వెడల్పాటి రాగి తొట్టిలో రాత్రంతా తెరిచి ఉంచుతారు. ఈస్టు వేయరు, గాలిలో ఉన్నదే దిగుతుంది. చలి నెలల్లోనే కాస్తారు, ఎండాకాలంలో చెడ్డ సూక్ష్మజీవులు పెరుగుతాయని. కాంటియోన్ అనే బ్రూవరీ 1900 నుంచి అలాగే చేస్తోంది. ప్రపంచమంతా దాన్ని బీరుల్లో మహారాజులా చూస్తుంది. బెల్జియం బీరు సంస్కృతిని యునెస్కో 2016లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. మన దగ్గర అదే పని తాటిచెట్టు మీద, ఇంకా తొందరగా, ఇంకా ప్రమాదంతో జరుగుతుంటే దాన్ని కాంపౌండ్ సరుకు అంటున్నాం.

ఆ లాంబిక్ కాచేవాళ్లు రెండేళ్లకోసారి టూర్ డ గ్యోజ్ అని ఒక ఉత్సవం చేస్తారు, 1997 నుంచి. మైదానం లేదు, స్టాళ్లు లేవు. పాల్గొనే బ్రూవరీలు ఆ వారాంతంలో తలుపులు తెరుస్తాయి, జనం బస్సుల్లో ఒక దాని నుంచి ఇంకో దానికి తిరుగుతారు.

జొన్నచేను:
అయితే కల్లుకు అదే పద్ధతి. మార్చిలో మొదటి రోజు పొద్దున్నే బస్సులు తాటివనానికి. దించిన కల్లు అక్కడే, చెట్టు కిందే. మధ్యాహ్నానికి తిరిగి బయల్దేరడం. బీర్ల ఉత్సవం రెండో రోజు నగరంలో. రెండో షరతును తీసేయడం లేదు, దాన్ని వనానికి తరలిస్తున్నాను. గీత కార్మికుడికి సీసా లెక్కన కాకుండా ఆ పూటకు ఇంత అని ముందే ఇవ్వాలి, ఎంత తాగారన్నదానితో ఆయన ఆదాయానికి సంబంధం ఉండకూడదు. జొన్న షరతు మాత్రం అలాగే ఉంటుంది, 30 శాతం.

మాల్ట్‌మామ:
ముప్పై శాతానికి నేను సిద్ధం, మా పబ్బు కూడా. కానీ తప్పనిసరి మీద నా అభ్యంతరం పోలేదు. మొదటి ఏడాది చేయగలిగిన నలుగురైదుగురు చేస్తాం, బాగున్నవాటిని చూసి మిగతావాళ్లు రెండో ఏడాది వస్తారు. బలవంతంగా కాచిన పదిహేను చెడ్డ జొన్న బీర్లు తాగినవాడు మళ్లీ జన్మలో జొన్న బీరు ముట్టడు.

కలిగిరి:
బస్సులు ఊళ్లోకి అంటున్నారు. ఆ ఊళ్లో ఆడవాళ్లను అడిగారా? ఆదివారం పొద్దున్నే నగరం నుంచి తాగడానికి మనుషులు దిగితే, ఆ దారిన నీళ్లకూ పొలానికీ వెళ్లేది వాళ్లు. గౌడ సంఘం ఒప్పుకుంటే ఊరు ఒప్పుకున్నట్టు కాదు. గ్రామసభలో మహిళా సంఘాల ముందు ఈ సంగతి పెట్టండి. వాళ్లు వద్దంటే రావద్దు. ఈ ఒక్క షరతు మీ మూడింటికంటే ముందు రాయండి, అప్పుడు నేను ఇక్కడ అడ్డుపడను.

తాటివనం:
కలిగిరి అక్క మాట సరైనది. మా ఊళ్లో అడుగుతాను, వాళ్లు ఏమంటే అదే చెప్తాను. ఒప్పుకున్నా కూడా ఒక సంగతి ఇప్పుడే రాసుకోండి. ఆ రోజు వనంలో ఎన్ని చెట్లు గీతలో ఉంటే అంతే కల్లు. ముందు రోజు మా నాయిన చూసి ఎన్ని లొట్లు వస్తాయో చెప్తాడు, దాన్ని బట్టి ఎంతమందిని తేవాలో మీరు తేల్చుకోవాలి. టికెట్లు ముందే అమ్మేసి, వచ్చాక కల్లు సరిపోలేదు, పక్క ఊరి నుంచి ఇంకో నాలుగు క్యాన్లు తెప్పించండి అన్నారంటే మాత్రం బస్సు వెనక్కి తిప్పి పంపిస్తాను.